ఎడమ చక్రం

గాల్లో ఉన్నంతసేపూ హైమవతికి ఏ బాధా లేదు. నేల దగ్గరపడుతోందంటేనే చేతులు వణికేవి. ఆర్నెల్లపాటు ఆ సంగతి ఎవరి కంటా పడనివ్వలేదు. ఇక దాచే ఓపిక లేక, ఆ ఉదయం విమానం దిగగానే "ఇది నావల్ల కాదు, మానేస్తాను" అని గురువుగారికి చెప్పేయాలని గట్టిగా అనుకుని వచ్చింది.

ఆమెకు విమానం నడపడం నేర్పే ఆయన పేరు కెప్టెన్ మొహియుద్దీన్. అందరూ ఉస్తాద్ అనేవారు. ఎంత మంచి రోజులవి! యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే, దాని పక్క గడ్డిలో మేసే మేకలు, విమానం వస్తోందంటే సైకిలెక్కి వాటిని తోలే మెకానిక్ ఆరోగ్యం, షెడ్డులో పెట్రోలు వాసన పట్టిన టీ. అలాంటి టీ కోసం హైమవతి ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

పాఠం చెప్పడంలో ఉస్తాద్ మహా పిసినారి. "మీకు భయం ఎన్నాళ్లకు పోయింది?" అని ఆమె ఒకసారి అడిగితే, "టీ చల్లారిపోతోంది, తాగమ్మా" అని ఊరుకున్నారు.

మానేద్దామనుకుని వచ్చిన ఆ రోజు, దిగడానికి చక్రాలు దించితే మూడు పచ్చదీపాలు వెలగాల్సింది, రెండే వెలిగాయి. బల్బు పోయిందేమోనని మార్చి చూశారు. లాభం లేదు. చక్రాల్ని బయటికి నెట్టే చేతిపంపు కొట్టీ కొట్టీ హైమవతి భుజాలు పడిపోయాయి. చివరికి ఆరోగ్యం కిందనుంచి చూసి చెప్పేలా షెడ్డు మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరితే, రేడియోలో అతని గొంతు వినిపించింది.

"ఎడమది లోపలే ఉండిపోయింది హైమమ్మా! బయటికి రాలేదు!"

ఒంటి పక్క చక్రంతో దిగితే విమానం పల్టీ కొడుతుంది. దిగిన రెండింటినీ కూడా పైకి లాగేసి, గడ్డి మీద పొట్టతో దిగడమే దారి. దిగాక నిప్పంటుకోకుండా ట్యాంకులో పెట్రోలు చాలామటుకు ఖర్చుచేసెయ్యాలి కాబట్టి, ముప్పావుగంట అక్కడక్కడే చుట్లు తిరిగారు. తలుపు బిగుసుకుపోతే బయటపడలేమని, ఉస్తాద్ గడియ తీసి సందులో తన చెప్పు దూర్చారు.

హైమవతి చేతుల వణుకు ఇక దాగలేదు.

"మీరు దించండి ఉస్తాద్. నాకు భయమేస్తోంది. ఎప్పుడూ వేస్తుంది. నేను దీనికి పనికిరాను."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు ఆమె ముందుకు చాపారు.

"చూడు."

ఆమె నాడి మీద వేలు పెట్టింది. అది దడదడ కొట్టుకుంటోంది. తన గుండె కూడా అంత జోరుగా లేదు. ఆయన ముఖం చూస్తే మాత్రం, కిటికీలోంచి కింద మేకల్ని చూస్తూ తీరిగ్గా ఉన్నట్టుంది.

ఉస్తాద్ చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

"పద, దించు."

హైమవతి దించింది. నేలకు నాలుగడుగుల ఎత్తున ఇంజను ఆపేసింది. ఉన్నట్టుండి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత కడుపు కింద రేకు చీరుకుపోతున్న రొద. విమానం జారి జారి, కాస్త పక్కకు తిరిగి ఆగింది. స్విచ్చులన్నీ కట్టేసి ఇద్దరూ గడ్డిలోకి దూకి దూరంగా పరిగెత్తారు. నిప్పు అంటుకోలేదు.

ఆరోగ్యం సైకిలు పడేసి ఏడుస్తూ వస్తున్నాడు. ఉస్తాద్ గడ్డిలో చతికిలబడి ఆయాసపడుతున్నారు. హైమవతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పక్కనే కూలబడి అడిగింది.

"అంత భయం పెట్టుకుని విమానం నా చేతికెలా ఇచ్చారు ఉస్తాద్?"

ఆయన చెప్పు లేని పాదానికి అంటిన గడ్డి దులుపుకున్నారు.

"నీకిచ్చాక కాస్త తగ్గిందమ్మా."