ముక్కుపురుగులూ మహారాజు అత్తరూ

వెనకటికి సోమగిరి అనే చిన్న రాజ్యాన్ని మృగాంకవర్మ ఏలేవాడు. ఆయనకు తన బిరుదులన్నా, నిమ్మగడ్డి నూనె, లవంగనూనె కలిపి చేయించుకున్న అత్తరన్నా మహా మోజు. ఆ అత్తరు ఇంకెవరైనా ముట్టుకుంటే తల తీయిస్తానని చాటింపు కూడా వేయించాడు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. కోట గాదెల్లోని జొన్నలే జనానికి దిక్కు. సరిగ్గా అప్పుడే వాటికి ముక్కుపురుగు పట్టింది. గాదెల పెద్ద పేరయ్య పళ్లెంలో పుచ్చు జొన్నలు తెచ్చి సింహాసనం పక్కన పెట్టి గోడు చెప్పుకున్నాడు.

"నా పేరు వింటేనే శత్రువులు పారిపోతారు. గాదెల ముందు నా బిరుదులు చదివించు!" అన్నాడు రాజు.

"చదివించాను ప్రభూ. వందిమాగధుల గొంతులు పోయాయి గానీ పురుగు కదల్లేదు."

"సరిగ్గా చదివించి ఉండవు! రేపటికల్లా పురుగు పోకపోతే నీకు దేశబహిష్కారం!"

ఆస్థానంలో చమత్కారిగా పేరున్న విస్సన్నకు పేరయ్య మీద జాలి వేసింది. అంతలో విస్సన్న కంట ఒక వింత పడింది. పళ్లెంలోంచి పాకిన పురుగొకటి రాజుగారి అంగరఖా అంచు దాకా వెళ్లి, ఠక్కున వెనక్కి తిరిగి పరుగు తీసింది! విస్సన్న వెంటనే ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఈ పని నాకు వదిలేయండి!" అన్నాడు.

తిన్నగా వెళ్లి అత్తరు జాడీలన్నీ బండికెక్కించి గాదెల దగ్గరికి తోలించాడు.

"అయ్యా, తల పోతుంది!" అడ్డుపడ్డాడు పేరయ్య.

"ముందు గింజ దక్కనీ పేరయ్యా!" అంటూ విస్సన్న గుడ్డపీలికలు అత్తరులో ముంచి జొన్నల మధ్య దూర్చాడు.

కాసేపటికి గోడల మీద నల్లటి బారులు! పురుగులు ఒకదాని మీదొకటి పడి బయటికి పరుగో పరుగు. పేరయ్య పసివాడిలా చప్పట్లు కొట్టాడు.

ఘుమఘుమ అంతఃపురం దాకా కొట్టింది. రాజు మండిపడుతూ ఊడిపడ్డాడు. "నా అత్తరు పురుగుల పాలు చేస్తావా!"

"ప్రభూ, తమరి పేరు విందామంటే వీటికి చెవులు లేవు. అందుకే తమరి వాసన చూపించాను. తమరే వేంచేశారనుకుని ఎలా దౌడు తీస్తున్నాయో చూడండి!"

రాజు మీసం మెలేశాడు. అంతలోనే ముఖం చిట్లించాడు. "ఉండు ఉండు! నా వాసనకు పురుగులే పారిపోతుంటే, సభలో మీరంతా ఎలా కూర్చుంటున్నారు?"



"పురుగులకు కొలువు లేదు కదా ప్రభూ, మాకుంది!" అన్నాడు విస్సన్న వినయంగా.

రాజు పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. మెళ్లోని ముత్యాలహారం తీసి విస్సన్న మెడలో వేసి, ఇకపై అత్తరు ముందు గాదెలకు, మిగిలితేనే తనకని చాటించాడు.

ఆ ఏడు సోమగిరిలో ఎవరింట అంబలి తాగినా లీలగా లవంగం వాసన వేసేది. ఒక్కరూ పస్తుండలేదు.