ఎస్తేరు శ్రీకారం

అలివేణి టీచరుకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆదివారం పొద్దున్నే పదో తరగతి తెలుగు పేపర్ల కట్ట చంకన పెట్టుకుని, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన పేరిశాస్త్రి మాస్టారింటికి వచ్చిపడింది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

“మీరే చెప్పండి మాస్టారూ. అది బడా, ప్రార్థన కూటమా?”

మాస్టారు రిటైరై పన్నెండేళ్లయింది. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. “కూర్చోవమ్మా. ముందు మంచినీళ్లు తాగు,” అన్నారు. ఆవిడ కూర్చోనూ లేదు, తాగనూ లేదు.

జరిగింది ఇదీ. ఆమె క్లాసులో ఎస్తేరు అనే పిల్ల ఉంది. చదువులో చురుకైనదే. ప్రీఫైనల్ పరీక్షలో జవాబు పత్రం పైన చిన్న సిలువ గుర్తు వేసి, కింద ‘ప్రభువా, తోడుండు’ అని రాసుకుంది. అది చూసేసరికి అలివేణికి ఒళ్లు మండింది. భోజనాల దగ్గర కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే పోనీలే అని ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ నెత్తికెక్కుతారనుకుంది ఇప్పుడు. ఎర్ర సిరాతో ఆ రెండు మాటల మీదా కాగితం చిరిగేటంత గట్టిగా గీత కొట్టింది. పక్కన సున్నా వేసింది. మర్నాడు అందరి ముందూ నిలబెట్టి, అది లేకుండా మళ్లీ రాసి తెమ్మంది.

పిల్ల తల వంచుకుని, “అది పెట్టుకోకుండా నేను రాయలేనండి,” అంది.

“చూశారా పొగరు? నా మొహం మీదే అంది మాస్టారూ.”

ఆ రోజు నుంచి ఎస్తేరు బడికి రాలేదు. నిన్న వాళ్ల నాన్న దావీదు వచ్చి, వరండా ఎక్కకుండా మెట్ల కిందే నిలబడ్డాడు. “ఇంక బడికి రానంటోందండి. ఆళ్లమ్మతో రొయ్యలొలిచే షెడ్డుకి పోతానంటోంది. తవరొక్క మాట చెప్పి పిలిస్తే వస్తదండి,” అన్నాడు. పబ్లిక్ పరీక్షలు ఇంకా ఇరవై రోజులు కూడా లేవు.

“నేనెందుకు పిలవాలి మాస్టారూ? ప్రభుత్వ బడిలో మతమేంటి? బడి అందరిదీ. ఒకళ్లకో న్యాయం, ఇంకొకళ్లకో న్యాయం ఉండదు కదండీ.”

“ఉండకూడదు. నిజమే,” అన్నారు మాస్టారు.

ఆ మాటకి అలివేణికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చెప్పులు విడిచి కూర్చుంది.

“ఇంతకీ జవాబులెలా రాసింది?”

ఆమె చంకలోని కట్ట ఒళ్లోకి దించుకుంది. “చదవలేదండి. పైనది చూసి ఆగిపోయాను.”

మాస్టారి ముఖం జేవురించింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క పేపరైనా చదవకుండా మార్కులు వేసిన మనిషి కాదు ఆయన. “మూడు గంటలు కూర్చుని రాసిన పిల్లకి, ఒక్క వరసైనా చదవకుండా సున్నా వేశావా?” అన్నారు. గొంతు పెంచలేదు గాని, అలివేణికి మళ్లీ తొమ్మిదో తరగతి బెంచీ మీద ఉన్నట్టయింది.

ఆయన చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, కట్ట విప్పారు.

మొదటి కాగితం పైన ‘శ్రీరామ’. రెండోదాని మీద ‘ఓం’. తర్వాత ‘ఓం సాయిరాం’. ఒకదాని మీద ముస్లిం పిల్లలు రాసుకునే 786. మళ్లీ ‘శ్రీరామ’. మన దగ్గర కలం పట్టిన ప్రతివాడూ కాగితం నెత్తిన ఏదో ఒక మాట పెట్టుకునే దిగుతాడు. ఇవన్నీ అలివేణి చూడలేదా అంటే చూసింది. అలవాటైనది కంటికి ఆనదు, అంతే. న్యాయం గురించి పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్ల కళ్లకి అసలే ఆనదు.

“నీ ఎర్ర పెన్ను ఇలా ఇవ్వు. బడి అందరిదీ అన్నావు కదా. వీటన్నిటికీ గీతలు కొట్టి సున్నాలు వేద్దాం.”

“అవి... పిల్లలు అలవాటుగా రాసుకున్నవి కదండీ.”

మాస్టారు విననట్టే పెన్ను మూత తీసి మొదటి కాగితం మీదికి వంగారు. ఉత్తరం రాసినా, మందుల చీటీ రాసినా శ్రీరామ అని పెట్టనిదే మొదలుపెట్టే మనిషి కాదు ఆయన. పెన్ను మొన ఆ పేరుకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. ఆయన పెన్ను వెనక్కి తీసుకున్నారు.

“నా చెయ్యి ఆడటం లేదమ్మా. నువ్వు గియ్యి.”

అలివేణి పెన్ను అందుకుంది. కాగితం దాకా తీసుకెళ్లింది. ఎత్తేసింది. మళ్లీ తీసుకెళ్లింది.

“దేవుడి పేరండీ,” అంది చివరికి. “ఎలా గియ్యమంటారు?”

మాస్టారు కట్టలోంచి ఎస్తేరు కాగితం వెతికి తీసి ఆమె ముందు పెట్టారు. గీత కొట్టినచోట చిరిగి, కింది పేజీలోని అక్షరాలు కనిపిస్తున్నాయి.

“మరి దీని మీద ఎలా ఆడిందమ్మా నీ చెయ్యి?”

అలివేణి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒక్కొక్క వరసే చదివింది. మాస్టారు చిక్కుడుకాయల దగ్గరికి వెళ్లిపోయారు.

చదవడం అయ్యాక ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

“ఇవాళ ఆదివారం కదండీ,” అంది. “దావీదు వాళ్లు ప్రార్థన అయ్యాక గుళ్లోంచి ఇంటికి ఎన్నింటికొస్తారో మీకేమైనా తెలుసా?”