రెండో తాడు

చీనా దేశంలో ఫాంగ్ అనే దళపతి ఏ రాజు గెలిచేలా ఉంటే ఆ రాజు జెండా పట్టేవాడు. ఉత్తరపు రాజు పక్షాన చేరగానే, దక్షిణపు సైన్యానికి వండిపెట్టిందని పూటకూళ్ళమ్మ షూలాన్‌ని ఉరికంబం దగ్గరికి ఈడ్పించాడు.

"వండాను దొరా. మరి తిన్నవాళ్ళకి?" అందామె.

పక్కనే ఉత్తరపు రాజదూత ఉన్నాడు. ఫాంగ్ గొంతు పెంచి, "వాళ్ళకీ ఉరే" అన్నాడు.

"అయితే ఇంకో తాడు తెప్పించండి. నిరుడు ఆ సైన్యాన్ని వెంటేసుకొచ్చి, మా అరుగు మీద మారు వడ్డించుకు తిన్నది తమరే కదా."

దూత మీసాల్లో నవ్వుకున్నాడు. ఫాంగ్ దగ్గాడు.

"తిండికి పక్షమేమిటి? విప్పండి."

షూలాన్ మెడ తడుముకుంది. "గుమ్మానికి ఏ జెండా కట్టమంటారు?"

"ఉత్తరానిదే."

దూత గుర్రమెక్కాక ఫాంగ్ మెల్లగా, "పాతది మాత్రం చింపకు" అన్నాడు.