చిక్కుడు మొలక మెడ ఎందుకు వంచుతుంది

ఒకప్పుడు ప్రతి గింజ కడుపులోనూ ఒక చీటీ ఉండేది. ఎలా మొలవాలో అందులో తేట తెలుగులో రాసుండేది: 'ముందు వేరు దించు. తల ఎత్తు. ఆకు తొడుగు. కాయ కాయి.' మట్టిలో ఉండే తేమ పిన్ని ఆ చీటీ చదివి ఒక్కో పనీ చేయించేది.

కానీ బంగారుతీగ కూడా చదివేసేది! దానికి వేరు లేదు, ఆకు లేదు. పక్క మొక్కల రసం తాగి బతుకుతుంది. అది చిక్కుడు గింజ వాళ్ల అక్క చీటీలో 'ఆకు తొడుగు' కొట్టేసి, 'నన్ను మొయ్యి' అని రాసింది. పాపం, అక్క ఒక్క ఆకైనా తొడక్కుండానే వాడిపోయింది.

ఇప్పుడు చెల్లి వంతు. మబ్బు పట్టేసింది. చినుకు పడితే మొలవాల్సిందే. తీగ గట్టు మీంచి పాక్కుంటూ వస్తోంది.

"పిన్నీ, నా చీటీ కూడా మార్చేస్తుంది!"

"ఎవరికీ అర్థం కాకుండా రాసెయ్యవే," అంది తేమ పిన్ని. "చుక్క, గీత, సున్నా, కొక్కెం. ఈ నాలుగే. మూడేసి కలిపితే ఒక మాట. మధ్యలో బోలెడు పిచ్చిగీతలు కలిపెయ్. ఏది మాటో నేను రుచి చూసి పట్టేస్తాలే."

గింజ పాతదంతా చెరిపేసి గబగబా రాసింది. రాయడం అయ్యేసరికి దానికే తల తిరిగింది.

తీగ వచ్చి తొంగి చూసింది. "ఇదేం రాతే, కోడి గీకినట్టు! 'కాయ కాయి' ఎక్కడ?"

"నాకే తెలీట్లేదత్తా, ఒట్టు!"

"అత్తతోనే ఆటలా?" తీగకి ఒళ్లు మండింది. కళ్లు మూసుకుని ఒక గీత చెరిపి సున్నా పెట్టేసింది. "ఏదో ఒకటి చెడుతుందిలే నీకు!"

టప్. చినుకు పడింది.

ఏ మాట చెడింది? ఆకా? కాయా? వెతకడానికి టైం లేదు. పిన్ని చదవడం మొదలెట్టేసింది.

వేరు దిగింది. హమ్మయ్య. తల... తల రాలేదు!

"పిన్నీ! ఊపిరాడట్లేదు!"

"ఉండవే. ఆ సున్నా పడింది ఇక్కడే! తల కాదు, మెడ ఎత్తమని ఉంది. వంచు! నెట్టు!"

గింజ మెడ వంచి, మట్టిని వీపుతో నెట్టింది. పెచ్చు కట్టిన మట్టి పటుక్కున విరిగింది. ఎండ తగిలింది. అప్పుడు తల మెల్లగా లేచింది. ఆకులు రెండూ ఉన్నాయి, చిన్న చిరుగు కూడా లేదు!

"తల ముందు పెట్టుంటే ఆకులు చీలికలయ్యేవే," అని నవ్వింది పిన్ని. "మీ అత్త పుణ్యమే ఇది!"

అది చూసి మిగతా గింజలూ అలాగే రాసుకున్నాయి. అప్పటినుంచే గింజల చీటీ పిన్నికి తప్ప ఎవరికీ అర్థం కాదు. చిక్కుడు మొలక ఈరోజుకీ మెడ వంచుకునే బయటికొస్తుంది. ఆ సున్నా చెరిపేద్దామంటే, అది ఎక్కడుందో చిక్కుడుకే తెలీదు మరి!