మూడుచెలమల వారి తట్టల లెక్క

మూడుచెలమలమ్మ తల్లి దర్శనానికి వచ్చేవారు తాడిపత్రి వైపు బస్సెక్కి సుద్దేటిమిట్ట క్రాసు దగ్గర దిగాలి. అక్కడి నుంచి మైలు దూరం నడక. సుద్దేరు ఏడాదిలో పదకొండు నెలలు ఉత్త ఇసుకే. ఆ ఇసుక నడుమ, ఒక నల్లబండను ఆనుకొని, నాలుగు కంబాల మంటపంలో అమ్మవారు ఉంటారు. గోపురం లేదు, ప్రహరీ లేదు. ఏరు పారినప్పుడు అమ్మవారు నడుము దాకా నీళ్ళలో ఉంటారు. పూజారి బండ మీద నిలబడి హారతి ఇస్తాడు.

మంటపం పక్కన నీలం రంగు రేకు బోర్డు ఒకటి ఉంది. మొన్నటి వైశాఖం దాకా దాని మీద ఇలా ఉండేది: 'మూడుచెలమల ఇంటిపేరు గలవారు: 212'.

ఈ ఇంటిపేరు ఇంకెక్కడా వినపడదు. ఈ ఊళ్ళో నలభై ఒక్కరు, తాడిపత్రి చుట్టుపక్కల అరవైమంది, బళ్ళారిలో ముప్పై ఎనిమిది, బెంగుళూరులో యాభై ఇద్దరు, అక్కడక్కడా చెదిరినవారు ఇరవై ఒక్కరు. వెరసి 212. ప్రపంచం మొత్తం మీద మేమింతే అని మా పెద్దలు మీసం తిప్పుతూ చెప్పుకుంటారు. మీసం లేనివాళ్ళలో పెళ్ళికాని పిల్లలను తప్ప ఇంకెవరినీ ఆ లెక్కలో ఎందుకు వేయలేదో మాత్రం చెప్పరు.

ఆ బోర్డు మీది అక్షరాలు నావి. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, లారీల వెనక రాతలు చూసి చూసి చెయ్యి తిరిగింది. అందుకని ఏటా అంకె మార్చే పని నాకే చెప్పేవారు. పోయిన ఏడాది 213 ఉన్నది 212 చేశాను. ఆ ఏడు పోయినవాళ్ళు ముగ్గురు, పుట్టినవాళ్ళు ముగ్గురు, సరికి సరి. తగ్గిన ఆ ఒక్కటీ నేను. మాఘమాసంలో నాకు పెళ్ళయింది. మా లెక్కలో చావూ పెళ్ళీ ఒకటే, రెండిటికీ ఒక అంకె తగ్గుతుంది. నా అంకెను నా కుంచెతో నేనే తుడిచాను, నోరెత్తలేదు. ఆ తప్పు ఒప్పుకోకుండా ఈ స్థలపురాణం రాయడానికి నాకు అర్హత లేదు.

ధర్మకర్తలు వేయించిన పాత పుస్తకంలో ఇంకో కథ ఉంది. చెలమ మహర్షి అనే ఆయన త్రిశూలంతో మూడు పోట్లు పొడిచాడట, గంగ పొంగిందట, ఆయన వంశమే మేమట. ఎక్కడి మహర్షి? గొర్రెలు కాసుకునే మా ఇళ్ళలో త్రిశూలం ఎవరు చూశారు? పుస్తకం వేసినప్పుడు ఒక ఋషి ఉంటే గౌరవంగా ఉంటుందని ఎవరో కలిపారు. కలిపిన చేత్తోనే అసలు మనిషిని తీసేశారు. ఆమెను మళ్ళీ పెట్టడానికే ఆడబిడ్డలందరం కలిసి ఈ చిన్న పుస్తకం వేయించాం.

పూర్వం ఇక్కడ వరసగా మూడేళ్ళు చినుకు పడలేదు. బావులు ఎండి, మేకలు జిల్లేడు ఆకు తినే కాలం వచ్చింది. ఆ వేసవిలో మల్లప్ప అనే గొర్రెల కాపరి తన మందతో, కొడుకులతో, కోడళ్ళతో సుద్దేటి గడ్డకు వచ్చి దిగాడు. వాళ్ళకు అప్పటికి ఇంటిపేరంటూ లేదు. గొర్రెలోళ్ళు అంటే చాలు, పలికేవారు.

మల్లప్ప పెద్దకోడలు తిప్పక్క. మందలో ఒక చూలుగొర్రె మధ్యాహ్నం పూట నీడను వదిలి ఎండలో, ఇసుక మీద కడుపు ఆనించి పడుకోవడం ఆమె గమనించింది. రోజూ అదే చోటు. అదిలిస్తే లేచేది, మళ్ళీ అక్కడికే వచ్చేది. ఆ ఇసుకలో చెయ్యి పెట్టి చూస్తే కింద చల్లగా తగిలింది. ఏటి ఇసుకలో నీటి కోసం తవ్వుకునే గుంటను చెలమ అంటారని మీకు తెలిసిందే. తిప్పక్క ఆ చోట చెలమ తవ్వింది. నడుము లోతున బండ అడ్డం వచ్చింది. నాలుగడుగులు జరిగి రెండోది తవ్వింది. దోసెడు నీళ్ళూరి, సాయంత్రానికి ఇంకిపోయాయి.

"పెద్దొదినకు ఏటి మీద ఆశ జాస్తి. ఇంగ సముద్రమే తవ్వుతాదేమో" అని మరుదులు నవ్వారు.

"నవ్వండప్పా, నోట్లో తడి ఉంటే గదా నవ్వేది" అని ఆమె మూడోది మొదలుపెట్టింది.

పలుగు విరిగింది. చేతులతో తోడింది. ఇసుకను తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తి, గట్టు మీదికి మోసి పోసింది. మూడో నాటికి వేళ్ళకు రాయి తగిలింది. ఇసుక తుడిచి చూస్తే అది ముఖం. ఇంకా తుడిస్తే రెండు చేతులు, ఆ చేతులు పట్టుకున్న తట్ట. నెత్తిన తట్ట పెట్టుకున్న ఆడమనిషి శిల. తిప్పక్క ఆ శిలను నిలబెట్టగానే దాని పాదాల కింద నుంచి నీళ్ళు ఊరాయి. ఆ సాయంత్రం మంద అంతా తాగింది.

నీళ్ళు పడ్డాయని తెలిసి పాళెగాని మనిషి గుర్రం మీద వచ్చాడు. ఆ కరువులో నీటి గుంట ఎవరిదో ఖాయం చేయకపోతే తలలు పగిలేవి. "ఎవురు తవ్వినారప్పా?" అని అడిగాడు.

"మేమే సామీ" అన్నాడు మల్లప్ప.

తిప్పక్క రెండు బారల దూరంలో నిలబడి ఉంది. గోళ్ళ సందుల్లో ఇసుక ఇంకా పోలేదు.

"అట్లయితే మూడు చెలమలు తవ్వినారు గాబట్టి మీకు మూడుచెలమల ఇంటిపేరు ఇస్తాండాను" అన్నాడు ఆ మనిషి. "ఈ పేరు ఉన్నన్నాళ్ళు ఈ నీళ్ళూ ఈ పూజా మీవే. ఏటేటా వైశాఖంలో చెలమ కొత్తగా తీయాల. పలుగూ పారా ఆడకూడదు. పేరున్న ప్రతి తలకాయా చేత్తో తోడి ఒక తట్ట ఇసుక ఎత్తాల. రాలేనోని తట్ట అయినోళ్ళు ఎత్తొచ్చు. ఎన్ని తట్టలో అన్ని తలకాయలు, అన్ని కడవల నీళ్ళు. చెప్పు, ఎంతమంది మీరు?"

మల్లప్ప వేళ్ళు మడిచాడు. తాను, నలుగురు కొడుకులు, ఆరుగురు మనవళ్ళు. "పదకొండు."

"నన్ను మరిచినావు మామా" అంది తిప్పక్క.

"ఇంటిపేరు మగోళ్ళదమ్మీ. నువ్వు మీ నాయన లెక్కలో ఉంటావులే."

"నీళ్ళు తాగేటప్పుడు ఎవురి లెక్క మామా?"

ఆమె మొగుడు బయ్యన్న నేల చూశాడు. పాళెగాని మనిషికి తొందర ఉంది, పదకొండు అని చాటించి వెళ్ళిపోయాడు.

తిప్పక్క పుట్టింటికి పోయింది. "నువ్వు మా లెక్కలో ఎట్లుంటావమ్మీ? ఇచ్చేసినాం గదా" అన్నాడు ఆమె అన్న. అతను మంచివాడే, ముద్ద పెట్టే అన్నాడు. అటూ లేదు, ఇటూ లేదు. పెళ్ళయిన ఆడదానికి ఆకలి ఉంటుంది, చాకిరీ ఉంటుంది, తలకాయ మాత్రం ఎవరి పుస్తకంలోనూ ఉండదు! తిప్పక్క తిరిగి వచ్చి, ఏటికి ఆవలి గట్టున కొట్టం వేసుకొని ఒక్కతే ఉండిపోయింది.

మరుసటి వైశాఖంలో పదకొండుమంది పదకొండు తట్టలు ఎత్తారు. నీళ్ళు పడలేదు. కరువులో ఏటి నీరు ఇంకా కిందికి దిగింది, పదకొండు తట్టల లోతుకు అందలేదు. తలకు ఒక తట్టేనన్న మాట తప్పితే పేరు పోతుంది గనుక పన్నెండో తట్ట ఎత్తడానికి వాళ్ళకు వీలు లేదు. రెండు రోజుల్లో ముప్పై గొర్రెలు పడిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం మల్లప్ప బండ నీడన కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించింది. చేతులు నెత్తిన తట్టను పట్టుకునే ఉన్నాయి.

"మల్లప్పా, ఈ తట్ట ఎవురి లెక్కలో రాసినావు?" అని అడిగింది. "దించుకుందామంటే దించేవాడు లేడు. నా మెడ నొస్తాంది."

మల్లప్ప ఉలిక్కిపడి లేచి, చెప్పులైనా లేకుండా, కాలే ఇసుకలో ఏరు దాటాడు. కొట్టం ముందు నిలబడి, "అమ్మా, రా. నీ తట్ట నువ్వు ఎత్తాల" అన్నాడు.

"నా ఒక్కదాని తట్టేనా?"

"ఇంకెవురివి?"

"నీ ఇంటికొచ్చిన కోడండ్లవి. నీ ఇంటినుంచి పోయిన కూతుర్లవి. నలుగురు ఆడబిడ్డల్ని కంటివే మామా, వాళ్ళ పేర్లన్నా గుర్తుండాయా?"

మల్లప్ప అక్కడే, ఎండలో నిలబడి, కూతుళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. మూడోదాని పేరు దగ్గర తడుముకున్నాడు. అది గుర్తొచ్చేదాకా తిప్పక్క కదలలేదు. తర్వాత కొంగు బిగించి లేచింది. కబురు పెట్టి కూతుళ్ళను పిలిపించారు. నలుగురు కోడళ్ళు, నలుగురు కూతుళ్ళు, మల్లప్ప భార్య, అందరూ దిగారు. ఇరవయ్యో తట్టకు నీళ్ళు పడ్డాయి. మొదటి కడవ ముంచి మల్లప్ప పెద్దకోడలి చేతికిచ్చాడు. ఆ నాటి నుంచి పెళ్ళయి వచ్చినవాళ్ళూ పెళ్ళయి పోయినవాళ్ళూ అందరి తట్టలూ ఎత్తాలని కట్టు.

ఈ కట్టు ఎప్పుడు తప్పారో ఎవరూ చెప్పలేరు. అమ్మవారి నెత్తిన తట్ట మీద వెండి కిరీటం తొడిగించిన నాటికే తప్పి ఉంటారు. కిరీటం కింద ఏముందో పూజారికి తెలుసు, అభిషేకం పూట తీస్తాడు గదా! అడిగితే "నాకెందుకమ్మా" అనేవాడు.

దాని ఫలం చూడండి. చుట్టూ బోర్లు పడి, ట్రాక్టర్లు ఇసుక తోలి, ఏటి నీరు పాతాళానికి దిగింది. మూడేళ్ళుగా రెండు వందల పైచిలుకు తట్టలకు తడి కూడా తగల్లేదు. మా పెద్దలు ఏం చేశారో తెలుసా? ట్యాంకరు తెప్పించారు. భక్తులు రాకముందే చెలమలో పైపు పెట్టి నింపి, 'అమ్మ కరుణించింది' అని మైకులో చెప్పించారు. మీరు కళ్ళకద్దుకొని తాగిన తీర్థం అదే. మూడేళ్ళు మిమ్మల్ని మోసం చేశారు. పైపు నా కంటితో నేనూ చూశాను, నేనూ అంకె రాశాను.

ఈ ఏడు నేను ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి, దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్లు చేసి లెక్క రాశాను. మూడుచెలమల ఇంటికి వచ్చి బతికి ఉన్న కోడళ్ళు 97. ఈ ఇంట్లో పుట్టి పెళ్ళయి పోయిన ఆడబిడ్డలు 171. కొందరు ఫోనులోనే ఏడ్చారు. 'నన్నూ రాస్తావా పాపా?' అని బళ్ళారి నుంచి ఒక ముసలమ్మ నాలుగుసార్లు అడిగింది.

వైశాఖం మూడో శుక్రవారం పొద్దున పది గంటలకు 212 తట్టలు ఎత్తడం అయిపోయింది. చెలమ ఎండుకొబ్బరి చిప్పలా ఉంది. గట్టు మీద ట్యాంకరు తయారుగా ఉంది. అప్పుడు కదిరక్క అవ్వ చీర ఎగ్గట్టి గుంటలోకి దిగింది. ఆమె ఈ ఇంటి కోడలుగా వచ్చి అరవై ఏళ్ళు.

ధర్మకర్త సుంకన్న మా పెద్దనాయనే. "అవ్వా, పైకి రామే. ఈ వయసులో నీకేమన్నా అయితే?" అన్నాడు.

"అరవై ఏండ్లు మీ ఇంటికి నీళ్ళు మోస్తి గదరా. అప్పుడు ఏం కాలేదు, ఈ పొద్దు ఇసుక మోస్తే అవుతుందా?"

"నీ పేరు లెక్కలో లేదు గదవ్వా!"

అవ్వ తట్ట నింపి నెత్తికెత్తుకొని గట్టెక్కి, ఆయన కాళ్ళ ముందే కుమ్మరించింది. "అయితే ఇది ఎవురు ఎత్తినట్టురా? దయ్యమా?"

జనం గొల్లున నవ్వారు. నవ్వు ఆగేలోపు ఆడవాళ్ళు వరస కట్టారు. రాలేనివారి పేరు చెప్పి వాళ్ళ తట్ట కూడా ఎత్తారు. నేను కాగితం పట్టుకొని ఒక్కొక్క పేరే గట్టిగా చదివాను. 309కి కోడళ్ళ తట్టలు అయిపోయాయి. ఇసుక రంగు మారింది, నీళ్ళు లేవు. "అన్నా, పైపు చుట్టేదా, ఉండనిచ్చేదా?" అని ట్యాంకరు డ్రైవరు అరిచాడు. పెద్దనాయన గుంటలోకే చూస్తున్నాడు. ఆడబిడ్డలు దిగారు. 391వ తట్టకు అడుగున ఉన్న పిల్ల "కాళ్ళు తడుస్తాన్నాయక్కా!" అంది. అయినా ఆపలేదు, ఆఖరి పేరు దాకా ఎత్తాం. డ్రైవరు పైపు చుట్టుకొని, తనూ ఒక చెంబు తీర్థం పట్టుకొని వెళ్ళాడు.

ఆ సాయంత్రం బోర్డు తుడిచి 480 అని రాశాను. పెద్దనాయన వచ్చి వెనక నిలబడ్డాడు. "సున్నా వంకరగా ఉండాది, దిద్దు" అన్నాడు. అంతే అన్నాడు. దిద్దాను.

ఇప్పుడు ఇక్కడి ఆచారం ఇది. తీర్థం తీసుకునే ముందు ఏ ఇంటి ఆడమనిషైనా తన పేరు తాను గట్టిగా చెప్పాలి. పూజారి ఆ పేరు తిరిగి పలికిన తర్వాతే తీర్థం పోస్తాడు. ఇంట్లోని ఆడవాళ్ళందరి పేర్లు తడుముకోకుండా చెప్పి తట్టెడు ఇసుక ఎత్తినవారి బావి ఎండదని నమ్మకం. తడుముకున్నవారు మల్లప్పలాగే గుర్తొచ్చేదాకా ఎండలో నిలబడాలి. కిందటి వారం ఒక పెద్దమనిషి అరగంట నిలబడ్డాడు.

అమ్మవారి నెత్తి మీది నుంచి తీసిన కిరీటం పెట్టెలో ఉంది. మళ్ళీ తొడగాలని అడిగేవారు అడుగుతూనే ఉన్నారు. దర్శనానికి వచ్చినప్పుడు అమ్మవారి నెత్తి వైపు చూడండి. అది తట్ట. ఎవరైనా కిరీటమని చెబితే నమ్మకండి.