తారషడ్జం దగ్గర విరుపు

మా కాసిం గురువుగారికి ప్రశ్నలంటే పడదు. సన్నాయి నేర్చుకునేవాళ్ళు ఊపిరిని ఊదడానికే దాచుకోవాలంటారు. అయినా ఆ రోజు నేను అడిగాను, నెట్‌లో ఊరికే దొరికే సంగీతాన్ని డబ్బు కట్టకుండా దించుకుంటే తప్పేమిటని. బిందె ఎత్తుకుపోతే ఆ ఇంట్లో బిందె ఉండదు, పాట దించుకుంటే పాడినవాడి దగ్గర పాట అలాగే ఉంటుంది కదా అని కూడా అన్నాను. వారం రోజులుగా నాలో నేనే అల్లుకున్న వాదన అది. అల్లుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో ఆయన అడగలేదు. నా వంక ఒకసారి తేరిపార చూసి, మీరావలి అన్నకు జట్టులోకి రెండో సన్నాయి కావాలట, రేపు పోదాం, ముఖారి రాగం వాయించి చూపించు అన్నారు.

ఆ పిలుపు కోసం రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను. మీరావలిగారు మా జిల్లాలో పేరున్న విద్వాంసులు. ఆయన పక్కన కూర్చుంటే ఉత్సవాల రోజుల్లో తీరిక ఉండదు. ఆడపిల్ల సన్నాయి ఊదడమేమిటని మా ఇంట్లో సణిగేవాళ్ళ నోళ్ళు కూడా మూతపడతాయి. పోయినేడాది ఆయన ముఖారి ఆలాపన పాఠాలు రికార్డు చేసి నెట్‌లో అమ్మకానికి పెట్టారు. అవి నా ఫోన్‌లో ఉన్నాయి. ఎవరో ఒక గ్రూపులో పడేస్తే తీసుకున్నాను. ఆ సంగతి గురువుగారికి తెలుసా తెలియదా అని బస్సులో దారి పొడుగునా ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆయన బఠాణీలు తిన్నారు.

మీరావలిగారు తానే టీ పోసిచ్చారు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. కాసిం పెళ్ళికి సన్నాయి ఊదింది తానేననీ, డోలు లయ తప్పితే పెళ్ళికొడుకే లేచొచ్చి డోలతన్ని కసురుకున్నాడనీ చెప్పి నవ్వించారు. తర్వాత నన్ను వాయించమన్నారు.

వాయించాను. బాగానే వాయిస్తున్నానని ఆయన తల ఊపడంలోనే తెలుస్తోంది. తారషడ్జం మీద, అంటే పై స్థాయి ‘స’ మీద, రికార్డులో విన్నట్టే, స్వరాన్ని మధ్యలో విరిచి మళ్ళీ అందుకున్నాను. అదొక అందమనుకుని, గురువుగారికి వినపడకుండా ఇంట్లో ఎన్నిసార్లు సాధన చేశానో. ఆయన తల ఊపడం ఆగిపోయింది.

"అక్కడెందుకు ఆపావమ్మా?"

మీ పాఠంలో అలాగే ఉంది కదండీ అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. రికార్డు చేసిన రోజు సరిగ్గా అక్కడికొచ్చేసరికి సన్నాయి పీక, అదే, పెదాల మధ్య పట్టుకుని ఊదే రెల్లు ముక్క, చీలిపోయి స్వరం తెగిందట. మళ్ళీ మొదటినుంచి వాయించే ఓపిక లేక అలాగే ఉంచేశారట. పాఠాలు కొన్న పదకొండు మందికీ తానే ఫోన్ చేసి, అక్కడ నేను ఆగాను గానీ మీరు ఆగకండి, ఒక్క ఊపిరిలో నిలపండి అని చెప్పారట. కొన్నవాళ్ళెవరూ అక్కడ విరవరు.

ఫోన్ తీసి, ఎక్కడ దొరికిందో చూపించాను. పెట్టినవాళ్ళ పేరు లేదు, ఒక గులాబీ బొమ్మ ఉంది. తప్పయిందన్నాను. ఆయన నా వంక చూడనే లేదు. కాసిం గురువుగారి వంక చూశారు.

"మీ ఊళ్ళో కొన్నది నువ్వొక్కడివే కదరా కాసిమూ."

గురువుగారు అవునన్నారు. అంతే. ఒట్టు వేయలేదు, నొచ్చుకోలేదు. అక్కడ స్వరం ఎలా నిలపాలో అమ్మాయికి ఒకసారి వినిపించమని మాత్రం అడిగారు. మీరావలిగారు కాదనలేక సన్నాయి అందుకున్నారు. అందుకుని, భుజం మీది తువ్వాలు తీసి వేళ్ళ మీద కప్పుకున్నారు. ఎవరడిగినా పక్కన కూర్చోబెట్టుకుని వేళ్ళు చూపిస్తారని పేరుపడ్డ మనిషి. స్వరం గది నిండా నిలిచింది. తువ్వాలు కింద వేళ్ళు ఏం చేస్తున్నాయో మా ఇద్దరికీ కనపడలేదు. జట్టు మాట ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

బస్టాండులో నాకు ఏడుపొచ్చింది. గురువుగారికి మాట వచ్చినందుకని చెప్పుకోవాలని ఉంది గానీ, ముందు ఏడ్చింది జట్టు పోయినందుకే. తర్వాతే ఆయన గుర్తొచ్చారు. వెనక్కి వెళ్ళి, ఆ గ్రూపులో పెట్టింది మా గురువుగారు కాదని మీరావలిగారికి చెప్పి వస్తానన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే, నిజంగా ఈయన కాదు కదా అని నాకూ లోపల ఎక్కడో తట్టింది. ముఖంలో కనిపించే ఉంటుంది.

గురువుగారు నన్నే చూస్తున్నారు.

"వెళ్ళి చెప్పు," అన్నారు. "నువ్వు నమ్మినంత ఆయనా నమ్ముతాడు."