కిటికీకి వీపు పెట్టిన రాజు

చిత్రగిరి రాజు తూర్పు కిటికీకి వీపు పెట్టి కూర్చుని తీర్పులు చెప్పేవాడు. ఎదురుగా నిలబడినవాడి కళ్లల్లో ఎండ పడేది. వాడు తల దించితే, "నా మొహం చూడలేకపోయాడు, దొంగే!" అని చెరసాలకు పంపేవాడు.

కంచరి మల్లాచారిని కూడా అలాగే పంపాడు. వెనక నిలబడి అంతా చూసిన భార్య గవరమ్మ, మర్నాడు తళతళా తోమిన ఇత్తడి పళ్లెంతో సభకొచ్చింది. దాన్ని కాస్త వంచగానే ఎండ రాజు మొహాన కొట్టింది. ఆయన కళ్లు మూసుకుని తల దించేశాడు.

"తమరేం దొంగిలించారు మహాప్రభూ?" అంది గవరమ్మ.

రాజు పళ్లు నూరుతూనే మల్లాచారిని విడిచిపెట్టాడు. సింహాసనం మాత్రం కదల్లేదు. మొగుణ్ణి తీసుకుని ఇల్లు చేరేలోపే గవరమ్మకు చాటింపు వినబడింది: ఇకనుంచి సభలోకి ఎవరూ ఇత్తడి తేకూడదట.